నూట పద్దెనిమిదో మాట

సరళ గొంతు శుక్రవారానికల్లా పోతుంది, సోమవారానికి తిరిగొస్తుంది. ఆరేళ్ళుగా ఇదే వరస. పాటలు పాడి కాదు, పిల్లలకు పాఠాలు చెప్పీ కాదు, ఫోనుతో మాట్లాడి. బుక్కరాయసముద్రంలో ఎరువుల అంగడి పైన, మేడ మీద ఉన్న ఆఫీసులో ఆమె ఉద్యోగమే అది. ఫోను ముందు కూర్చుని రైతులా మాట్లాడాలి. ఇంటికి పోయాక మొగుడు ఏదైనా అడిగితే చెయ్యి ఊపి బదులు చెబుతుంది. అలిగిందేమోనని ఆయన మొదట్లో భయపడేవాడు, ఇప్పుడు అలవాటు పడిపోయాడు.

ఆ ఆఫీసువాళ్ళు చేసింది 'అదును' అనే యాప్. రైతు చేలో నిలబడి తన యాసలో రెండు ముక్కలు చెబితే అది విని, విత్తాలా, ఆగాలా, మందు కొట్టాలా అని బదులు చెబుతుంది. చదువు రానివాళ్ళకు పనికొచ్చే వస్తువే, కాదనడానికి లేదు. కాకపోతే యాప్ అన్నాక నెలకోసారి ఏదో ఒకటి కొత్తగా చేర్చాలి కదా, లేకపోతే చేసేవాళ్ళకు తోచదు. కొత్తది చేర్చిన ప్రతిసారీ పాతది ఎక్కడో చెడుతుంది. టమోటా తెగుళ్ళ గురించి నేర్పితే, నిన్నటిదాకా బాగానే విన్న వేరుశనగ మాటలు మరిచిపోతుంది. అందుకని కొత్తది బయటికి పోయేముందు, నిన్న సరిగ్గా విన్న మాటలన్నీ ఇవాళ కూడా సరిగ్గా వింటోందా అని మొదటినుంచీ చూసుకోవాలి. రిగ్రెషన్ టెస్టింగ్ అని దానికి పెద్ద పేరు పెట్టారు. చేసేది మాత్రం చాకిరీ. సరళ దగ్గర నూట నలభై మాటల జాబితా ఉంది. ఒక్కో మాటనూ మూడుసార్లు చెప్పాలి, ఒకసారి మెల్లగా, ఒకసారి గబగబా, ఒకసారి ఫ్యాను చప్పుడులో. యాప్ సరిగ్గా వింటే పక్కన టిక్కు పెట్టాలి. వినకపోతే ఎర్ర గీత గీసి, ప్రోగ్రాం రాసే ఓబిలేష్‌కు చూపించాలి. అతను బాగుచేసిన తర్వాత మళ్ళీ ఒకటో మాట నుంచి మొదలు.

జూన్ నెలలో ఒకరోజు ఆఫీసు నడిపే మార్కండేయ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ధర్మవరం మగ్గాల ఇంటి మనిషి. పోగు తెగితే గుడ్డ మొత్తం పాడైనట్టు బాధపడే రకం.

"ఇంగ నోటితో వద్దు సరళా. రైతుల గొంతులు ఒగసారి రికార్డు చేసుకోనొస్తే చాలు. కోడు మార్చినప్పుడల్లా మిషనే ఆ గొంతులు యాప్‌కు ఇనిపిస్తాది. సరిగ్గా ఇంటే పచ్చ, ఇనకపోతే ఎర్ర. నూట నలభై మాటలకు నాలుగు నిమిషాలు. నీ గొంతుకూ ఇస్రాంతి," అన్నాడు.

ఆమె ఎగిరి గంతెయ్యాల్సిన మాట అది. కానీ సరళ జాబితాను సొరుగులోకి తోసేసింది. ఎందుకంటే నూట పద్దెనిమిదో మాట ఉంది.

వాన పడి నేల విత్తనానికి సరిపోయినంత తడిస్తే ఇక్కడ పదునైంది అంటారు, పల్లెల్లో 'పదునాయ' అంటారు. చాలకపోతే పదును కాలేదు. అయితే ఈ పక్క ఎవరూ 'కాలేదు' అని విడమరచి చెప్పరు, 'కాల్యా' అంటారు. జాబితాలో నూట పద్దెనిమిదో మాట అదే: పదును కాల్యా.

పోయిన సంవత్సరం జులైలో ఒక శుక్రవారం సరళ నూట పదిహేడో మాట దాకా చెప్పింది. అది ఆ వారంలో నాలుగోసారి చెప్పడం. కరెంటు పోయింది, ఒళ్ళంతా చెమట. గొంతులోంచి మాటకు బదులు గాలి వస్తోంది. నిన్ననే చెప్పాను కదా, ఒక్కరోజులో ఏం మారుతుందిలే అనుకుంది. నూట పద్దెనిమిది నుంచి నూట నలభై దాకా చెప్పకుండానే టిక్కులు పెట్టేసి, సంచీ తగిలించుకుని ఇంటికి పోయింది. అంత అలసిపోయిన మనిషిని తిట్టడానికి ఎవరికీ నోరు రాదు. ఆమె మాత్రం ఏడాదిగా తన్ను తాను తిట్టుకుంటూనే ఉంది.

ఆ టిక్కులలో ఇరవై రెండు ఎవరికీ ఏ హానీ చేయలేదు. మిగిలిన ఒక్కటీ తిప్పమ్మకు తగిలింది.

తిప్పమ్మది గార్లదిన్నె అవతల చిన్న పల్లె. మొగుడు లేడు, నాలుగెకరాల ఎర్రనేల ఉంది, ఒక ఆవు ఉంది. ఆ మరుసటి వారం తుంపర పడితే చేలోకి పోయి, పుల్లతో గెలికి చూసి, ఫోను తీసి "పదును కాల్యా" అని చెప్పింది. యాప్ "ఇప్పుడు విత్తుకోవచ్చు" అన్నది. ఆమె ఆలోచించింది. రెండేళ్ళుగా దాని మాట తప్పలేదు. పదును లేదని చెప్పినా విత్తమంటోందంటే, రేపో ఎల్లుండో పెద్దవాన వస్తుందని దానికి తెలుసు కాబోలు అనుకుంది. విత్తింది. వాన రాలేదు. ఇంట్లో ఉన్న వేరుశనగ విత్తనమంతా పోయింది, సగం దుమ్ములో ఎండిపోయింది, మిగిలింది చీమలు మోసుకుపోయాయి.

ఆమె ఫోను కొంగులో చుట్టుకుని బస్సెక్కి ఆఫీసుకే వచ్చింది. రైతుల గొంతులు ఆ ఆఫీసులో దాచరు, యాప్ ఏమని విన్నదో ఆ అక్షరాలు మాత్రమే ఉంటాయి. మార్కండేయ తెరిచి చూస్తే 'పదునాయ' అని ఉంది. సరళ జాబితా తీశాడు. నూట పద్దెనిమిది పక్కన మూడు టిక్కులూ శుభ్రంగా ఉన్నాయి.

"పెద్దమ్మా, మేము దీన్ని మూడుసార్లు పరీక్ష చేసినాం. నువ్వు పదునాయ అనే అన్నెట్టుండావు," అన్నాడు, మర్యాదగానే.

"లేదు నాయనా, కాల్యా అంటి," అన్నది తిప్పమ్మ.

ఆ గదిలోనే సరళ కూర్చుని వేడినీళ్ళు తాగుతోంది. నోరు తెరవలేదు. గొంతు పోయిందన్న సాకు ఆ రోజు నిజంగానే ఉంది. ఆ టిక్కే సాక్ష్యమై తిప్పమ్మది అబద్ధమని తేలిపోయింది. ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? ఫోనుకు తలకిందులుగా చెప్పి విత్తనం పోగొట్టుకుందని 'పదునాయ తిప్పమ్మ' అని పేరు పెట్టారు.

ఇప్పుడు గొంతుల కోసం ఓబిలేష్ ఎంచుకున్నది కూడా ఆ ఊరే. యాప్ ఎక్కువగా వాడేది అక్కడే అని. సరళ వద్దనడానికి కారణం చెప్పలేక అతని బండి వెనకాల కూర్చుంది.

పొద్దున పాలకేంద్రం దగ్గర క్యాన్లతో పదిహేను మంది దాకా ఉన్నారు. ముందురోజు కాస్త చినుకులు రాలాయి, పైన మబ్బు పట్టి ఉంది, అందరూ హుషారుగా ఉన్నారు. ఓబిలేష్ మైకు పెడితే పోటీలు పడి చెప్పారు. ఆకుముడత వచ్చిందని ఒకరు, వేరుశనగకు ఊడలు దిగుతున్నాయని ఒకరు, అడవిపందులు పడ్డాయని ఇంకొకరు. లేని అడవిపందుల్ని తిట్టడం మొదలుపెట్టిన ముసలాయన్ని ఆపడమే కష్టమైంది. నూట పదిహేడు దాకా ఆటలా సాగిపోయింది.

"ఇప్పుడు ఎవరన్నా 'పదును కాల్యా' అనండి," అన్నాడు ఓబిలేష్.

ఎవరూ అనలేదు.

పాలు కొలిచే నారాయణ తలెత్తి చూశాడు. "ఏమప్పా, మొగులు నెత్తిన కమ్ముకోనుండాది. ఇట్లాటప్పుడు ఆ మాట నోట్లోనుంచి వస్తాదా?"

"ఉత్తుత్తికే అన్నా. పరీక్షకు."

"ఉత్తుత్తికే అన్నా నేల ఇంటాది," అన్నది మారెక్క అనే ఆమె. క్యాను ఎత్తుకుని రెండడుగులు వెనక్కి కూడా వేసింది. "నీకు దండం పెడ్తా, ఆ మాట నన్నడగొద్దు. ల్యాని అడివిపందుల్ని ఎన్నైనా ల్యాపుతా గానీ, వచ్చే వాననెట్ల పొమ్మంటా?"

అందరూ తలలాడించారు. సరళకు తెలియని సంగతి కాదు. ఆమెది గుమ్మఘట్ట పక్క పల్లె, వాళ్ళ నాయన కూడా మబ్బున్న రోజు ఆ మాట అనేవాడు కాదు. ఆరేళ్ళుగా ఆఫీసు కుర్చీలో కూర్చుని, వానా ఎండా చూడకుండా వారానికి పన్నెండుసార్లు అంటున్నది ఆమె ఒక్కతే.

"పదునాయ తిప్పమ్మనడుగుపోండి. ఆయమ్మకు ఆయ అన్నా కాల్యా అన్నా ఒగటే కదా," అని నారాయణ అంటే గొల్లున నవ్వారు.

తిప్పమ్మ అక్కడే ఉంది. నవ్వుల్ని పట్టించుకోలేదు, అవి ఏడాదిగా వింటున్నవే. సరళ ముఖంలోకి చూసింది.

"నువ్వు ఆ పొద్దు ఆపీసులో కూచోనుంటివి కదమ్మా?"

"ఊ," అన్నది సరళ.

"నేనొగసారి చెప్పినా. మీరు ఇనల్యా." క్యాను చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు ఓబిలేష్ తేలిగ్గా అన్నాడు. "ఆ ఒగటీ నువ్వే చెప్పెయ్యక్కా. ఎప్పుడూ చెప్పేదే కదా." చెప్పింది. రికార్డు చేశాడు. నాలుగు రోజుల్లో ప్రోగ్రాం తయారయ్యింది. మీట నొక్కితే నూట నలభై గొంతులు ఒకదాని వెంట ఒకటి పరిగెత్తాయి, నూట నలభై పచ్చగీతలు వచ్చాయి. మార్కండేయ మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. సోమవారం కొత్త యాప్ బయటికి పంపేద్దామన్నాడు.

సరళ బజ్జీ చేతిలో పట్టుకుని ఆ పచ్చగీతనే చూస్తూ కూర్చుంది. తన గొంతు పచ్చగా రాక ఏమవుతుంది? ఆరేళ్ళలో యాప్ ఆమె గొంతుకు అలవాటు పడింది, ఆమె నోరు యాప్ చెవికి అలవాటు పడింది. 'కా' ఎక్కడ ఒత్తాలో, 'ల్యా' ఎంత సాగదీయాలో ఆమెకు తెలియకుండానే వచ్చేసింది. చేలో నిలబడ్డ మనిషి అలా పలుకుతుందా? ఆ పచ్చగీత పోయినేటి టిక్కు లాంటిదే. ఈసారి మిషన్ పెట్టింది, అంతే తేడా. బజ్జీని తిరిగి పొట్లంలో పెట్టేసింది.

ఆ వారంలో మబ్బులు ఎటో పోయాయి. ఆరుద్ర కార్తె సగం గడిచింది, చినుకు లేదు. రోజంతా పడమటి గాలి దుమ్ము రేపుతోంది. శనివారం సరళ సెలవు పెట్టి ఒక్కతే బస్సెక్కి గార్లదిన్నెలో దిగి, ఆటో పట్టుకుని పోయింది. కాళ్ళు లాగుతున్నాయి, ఎండ నడినెత్తిన ఉంది. ఎందుకొచ్చిన బాధ అని దారి పొడుగునా అనుకుంటూనే పోయింది.

తిప్పమ్మ చేలో ఆవును మేపుతోంది. దున్ని పెట్టిన నేల విత్తనం కోసం ఎదురుచూస్తోంది.

"పెద్దమ్మా, ఆ మాట నీ గొంతుతోనే కావాల. నా గొంతు పనికిరాదు," అన్నది సరళ.

తిప్పమ్మ ఆకాశం వైపు చూసింది. ఎక్కడా దూదిపింజంత మబ్బు లేదు. వంగి, చేతిలో పుల్లను నేలలో గుచ్చి, జానెడు లోతు గెలికి, పిడికెడు మన్ను తీసి నలిపింది. వేళ్ళ సందుల్లోంచి దుమ్ము గాలికి పోయింది.

"ఇప్పుడైతే అంటా. ఇప్పుడది అబద్దం కాదు కదా."

సరళ ఫోను ముందుకు పెట్టింది. తిప్పమ్మ ఫోను వైపు చూడలేదు, నేల వైపే చూస్తూ అన్నది. 'కాల్యా' అన్న ముక్క సగం నోట్లో, సగం నిట్టూర్పులో పోయింది. ఆరేళ్ళలో సరళ ఎన్ని వేలసార్లు పలికిందో ఆ మాట. ఒక్కసారి కూడా అలా పలకలేదు. అప్పుడే చెప్పేద్దామనుకుంది, టిక్కు సంగతి. గొంతు బాగానే ఉంది, ధైర్యమే రాలేదు. తిప్పమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, సిగ్గుతో తల వంచుకుని వచ్చేసింది.

సోమవారం పొద్దున తన గొంతు తీసేసి తిప్పమ్మ గొంతు పెట్టి మీట నొక్కింది. నూట ముప్పై తొమ్మిది పచ్చ. ఒకటి ఎర్ర. పక్కన యాప్ విన్న అక్షరాలు ఉన్నాయి: పదునాయ.

ఓబిలేష్ మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఎర్ర. "గాలి చప్పుడుండాదక్కా దీంట్లో," అన్నాడు.

"చేలో గాలుండకుండా ఎట్లుంటాది?" అన్నది సరళ.

మార్కండేయ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అతనికీ మూడు వారాలుగా నిద్ర లేదు, కళ్ళు గుంటలు పడ్డాయి. "నూట నలభైలో ఒగటి. దీన్ని పక్కన పెట్టి ఈ పొద్దు పంపించేద్దాం. వచ్చే నెల చూసుకుందాం."

"వచ్చే నెలకు విత్తేది అయిపోతాదన్నా."

"మరి పోయినేడు నువ్వు పరీక్ష చేసినప్పుడు సరిగ్గానే వచ్చిండెనే?"

ఇక దాచడానికి సందు లేదు. దాచే ఓపికా లేదు. "నేను పరీక్ష చెయ్యల్యా అన్నా. అలిసిపోయి, చెప్పకుండానే టిక్కులు పెట్టినా. ఆయమ్మ ఈడికొచ్చిన పొద్దు కూడా నోరు తెరవల్యా."

ఓబిలేష్‌కు ఆమెను చూస్తే జాలేసింది. "అయినా అక్కా, నువ్వు చెప్పింటే పచ్చే వచ్చుండు. నీ గొంతు అది ఎప్పుడూ సరిగ్గానే ఇంటాది. నీ టిక్కుతో పోయిందేమీ ల్యా."

"చెప్పి టిక్కు పెట్టింటే అది యాప్ తప్పు. చెప్పకుండా పెట్టినా కాబట్టి నాది," అన్నది సరళ.

మార్కండేయ ఆ ఎర్రగీత మీద వేలు పెట్టాడు. "నువ్వు తప్పు పలికినావమ్మా అని ఆయమ్మ మొగాన చెప్పింది నేను కదా," అన్నాడు. కోపం కంటే నీరసమే ఎక్కువగా ఉంది ఆ మాటలో. "ఆపెయ్ ఓబిలేష్. ఆయమ్మ మాట పచ్చగా వచ్చేదాకా ఏదీ బయటికి పోదు. నీ సంగతి తర్వాత మాట్లాడ్దాం సరళా."

ఓబిలేష్ ఆ మాట బాగుచేస్తే ఇంకో రెండు మాటలు చెడ్డాయి. ఆ రెండూ చక్కదిద్దితే మొదటిది మళ్ళీ ఎర్రబడింది. చెడిన ప్రతిసారీ నాలుగు నిమిషాల్లో తెలిసిపోతోంది. సరళ నోటితో అయితే ఒక్కో విడతకు ఒక రోజు పట్టేది, నిజాయితీగా చేస్తే. గురువారం మధ్యాహ్నానికి నూట నలభై పచ్చగా నిలిచాయి. ఎవరూ బజ్జీలు తెప్పించలేదు. సరళ సంచీ తగిలించుకుని మళ్ళీ గార్లదిన్నె బస్సెక్కింది.

సాయంత్రం పాలవేళకు పాలకేంద్రం దగ్గర అందరూ ఉన్నారు. తిప్పమ్మను పక్కకు పిలిచి చెవిలో చెప్పేసి వెళ్ళిపోవచ్చు. దారంతా అలాగే అనుకుంది కూడా. కానీ నవ్వింది పదిమంది కదా. సరళ నారాయణ తూకం పక్కనే నిలబడి, అందరికీ వినపడేలా చెప్పింది. పోయినేడు తిప్పమ్మ పదును కాల్యా అనే చెప్పింది, యాప్ తప్పు విన్నది, పరీక్ష చెయ్యాల్సిన మనిషిని నేను, చెయ్యకుండానే చేశానని రాశాను, ఆమె ఆఫీసుకు వచ్చినప్పుడు నాకు తెలిసీ ఊరుకున్నాను. తిడతారనుకుంది, తిట్టించుకోవడానికి సిద్ధపడే వచ్చింది.

నారాయణ పాలు కొలవడం ఆపేశాడు. తిప్పమ్మ వైపు తిరిగాడు.

తిప్పమ్మ క్యాను కింద పెట్టింది. "విత్తనం పోతే పోయ," అన్నది మెల్లగా. "ఈళ్ళు నవ్వితే నవ్విరి. ఏడాదాయ తల్లీ, గడ్డి కోస్తాన్నా, పాలు పిండుతాన్నా ఆ మాటే నోట్లో తిప్పుకుంటాంటి. కాల్యా అంటినా, ఆయ అంటినా అని. ఇంతమంది చెప్తాంటే, కడకు నా నోటి మీద నాకే నమ్మకం పోయిండె."

సరళకు ఏడుపు ఆగలేదు. చెంగుతో ముఖం కప్పుకుంది. తిప్పమ్మ ఓదార్చలేదు, దగ్గరికీ రాలేదు. "ఆ పొద్దు చేలో పట్టుకోనిపోయినావే, నా గొంతు, అది ఉండాదా?" అని అడిగింది.

"ఉండాది పెద్దమ్మా."

"ఇనిపీ."

సరళ ఫోను తీసి మోగించింది. గాలి చప్పుడు, దూరంగా ఆవు మెడలో గంట, ఆ వెనక తిప్పమ్మ గొంతు. ఆమె ముందుకు వంగి, ఫోను చెవికి ఆనించుకుని విన్నది. మళ్ళీ వేయించుకుని విన్నది. మూడోసారి వింటుంటే పెదవులు కూడా ఆ మాటతో పాటు కదిలాయి.

"కాల్యా అనే అంటాన్నా," అన్నది. అక్కడున్న వాళ్ళకు కాదు, తనకు తానే చెప్పుకుంది.